గుడ్డ కప్పిన మగ్గం: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

నాకు అనుమానం ఎక్కువ. రైల్లో కొన్న నీళ్ళ సీసా మూత రెండుసార్లు తిప్పి చూడందే తాగను. ఆటో అతను మరీ మర్యాదగా మాట్లాడితే మధ్యలోనే దిగిపోతాను. మా అమ్మ దీన్ని జాగ్రత్త అంటుంది, మా అన్నయ్య జబ్బు అంటాడు. అలాంటిదాన్ని ఒంటరిగా నాలుగు రోజులు ముక్కూమొహం తెలియని ఊళ్ళు తిరిగొచ్చానంటే దానికి కారణం మా సార్.

గుంటూరులో ఆర్కిటెక్చర్ ఐదో ఏడాది చదువుతున్నాను. ‘సంస్కృతి, నేల స్ఫూర్తిగా’ కట్టడాలు గియ్యడం మాకు ఒక పాఠం. నేను రాయలసీమను ఎంచుకున్నాను, ఎందుకంటే మా క్లాసులో ఎవరూ ఎంచుకోలేదు. హిందూపురానికి ఒక బస్టాండు గీశాను. పక్కనే లేపాక్షిలో వేలాడే స్తంభం ఉంది కదా, నా బస్టాండులో కూడా స్తంభాలేవీ నేలకు తగలవు. పెనుకొండకు ఒక మ్యూజియం గీశాను, దాని కప్పు కొండమీది గుండ్లలా ఉంటుంది. ఆఖరి ఏడాది పెద్ద ప్రాజెక్టుగా ధర్మవరానికి నేతగాళ్ళ కాలనీ గీశాను. గోడలు చీర కుచ్చిళ్ళలా మడతలు మడతలుగా ఉంటాయి. చూసిన వాళ్ళందరూ అబ్బ అన్నారు.

సార్ మాత్రం మూడు షీట్లూ పక్కపక్కన పరిచి అడిగారు. “ఈ మూడు ఊళ్ళలో నువ్వు ఏది చూశావమ్మా?”

“ఫోన్లో అన్నీ చూశాను సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఒక్క నేతగాడి ఇల్లు, ఒక్కటే, నీ చేత్తో నువ్వు కొలిచి గీసి తీసుకురా. అది లేకుండా నేను సంతకం పెట్టను.”

సంతకం లేకపోతే ఆఖరి పరీక్షలో జ్యూరీ ముందు నిలబడనివ్వరు. నిలబడకపోతే ఏడాది పోతుంది. ముప్పై మీటర్ల టేపు, ఒక సుద్దముక్కల పెట్టె, గీసుకునే పుస్తకం సంచిలో పెట్టుకుని రైలెక్కాను. సార్ ఒక్క ధర్మవరమే అన్నారు. పౌరుషానికి పోయి మూడు ఊళ్ళూ చూసొస్తానని నేనే అన్నాను.

హిందూపురం: యావ ఆఫీసు?

దిగగానే ఉగ్గాని తిన్నాను. బొరుగులు, అంటే మా వైపు మరమరాలే, నీళ్ళలో తడిపి, పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. మొత్తం ముప్పై అయిదు రూపాయలు. మా వైపు ఆ ధరకు ఇడ్లీ కూడా సరిగ్గా రాదు కాబట్టి ఇందులో ఏదో మతలబు ఉందని నూనె వాసన చూశాను. నూనె బాగానే ఉంది. ఇంకో ప్లేటు తిన్నాను.

తర్వాత బస్టాండుకు వెళ్ళి నా వేలాడే స్తంభాలను అక్కడ ఊహించుకుంటూ నిలబడ్డాను. ప్రతి స్తంభం మొదట్లోనూ ఎవరో ఒకరు ఉన్నారు. ఒక అవ్వ స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపి, ఒళ్ళో కోడిని పెట్టుకుని కునుకు తీస్తోంది. గోనెసంచులు కూడా స్తంభాలకే ఆనించి ఉన్నాయి. నా స్తంభాలు నేలకు మూరెడు పైన ఆగిపోతాయి. ఈ అవ్వ వీపు దేనికి ఆనించాలో నేను గీసినప్పుడు ఆలోచించలేదు. నాకు ఆ బస్టాండుకు క్లాసులో ఫస్టు మార్కు వచ్చింది.

ఇక్కడి చింతపండు మార్కెట్టు పెద్దది. షెడ్లో రాశులు రాశులుగా పోసిన చింతపండు వాసనకే పళ్ళు పులిశాయి. షెడ్డు ఎంత వెడల్పు ఉందో చూద్దామని టేపు తీశాను. అంతే, మండీలో కూర్చున్న ఒక నడివయసు షాపాయన పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు.

“ఏమ్మా, ఏమి కొలుస్తాండావు? యావ ఆఫీసు?”

“ఆఫీసు కాదండీ, స్టూడెంటుని.”

“స్టూడెంటా? మొన్న ఒకాయప్ప ఇట్లనే స్టూడెంటని వచ్చె. వారానికి నోటీసు వచ్చె. మా లైసెన్సు ఆడ గోడకు తగిలిచ్చిండాది, చూస్కో పో.”

ఆయన పక్కనున్న హమాలీతో కన్నడంలో ఏదో అన్నాడు, అతను నవ్వాడు. నా గురించేనని నాకు గట్టి నమ్మకం. ఈ ఊళ్ళో ఒకే మాట సగం తెలుగులో మొదలై సగం కన్నడంలో ముగుస్తుంది, అనుమానించేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది. టేపు చుట్టేశాక గానీ ఆయన మొహం తేటపడలేదు. అప్పుడు ఒక చింతపండు ముద్ద తీసి చేతిలో పెట్టాడు. “తిను, ఏం కాదు. ఇది మంచి కాయ.” ఆయన వేరే పని చూసుకునే దాకా ఆగి, రుమాలుతో తుడిచి తిన్నాను. నిజంగానే మంచి కాయ.

పెనుకొండ: గుండు సందు

మర్నాడు పెనుకొండలో కొండెక్కాను. గుండ్లన్నీ ఎవరో పేర్చి వదిలేసినట్టు ఒకదానిమీద ఒకటి. వాటిని చూసే నా మ్యూజియం కప్పు గీశాను. సగం దూరం ఎక్కి, నీడ చూసుకుని, నా మ్యూజియం గీసిన పల్చటి కాగితం ఒడిలో పరుచుకుని పోల్చి చూడడం మొదలుపెట్టాను.

కాసేపటికి ఎవరో గమనిస్తున్నట్టు అనిపించింది. ఒక ముసలాయన, భుజాన కంబళి, చేతిలో పొడుగు కర్ర. నేను లేచి ఇంకో గుండు దగ్గరకు వెళ్ళాను, ఆయనా అటే వచ్చాడు. ఇంకో చోటికి మారాను, అక్కడికీ వచ్చాడు. సంచిలో కారప్పొడి పొట్లం ఉందో లేదో తడుముకున్నాను. అది మా అమ్మ పెట్టింది.

ఆయన దగ్గరికొచ్చి, “ఏమ్మా, కంపెనీ వోల్లా?” అన్నాడు.

“ఏ కంపెనీ?”

“ఏదైతేనేమి. కాగితాలు పట్టుకోని వచ్చేవోల్లంతా కంపెనీ వోల్లే. కింద మేపేదానికి బీడు లేకపాయె. ఈ గుట్ట గూడ అడుగుతాండారా?”

ఆయన వెనక నుంచి ఒక్కొక్కటిగా గొర్రెలు వచ్చాయి. అప్పుడర్థమైంది, ఆయన వచ్చింది నా వెంట కాదు, నీడ వెంట. నేను కూడా నీడ వెతుక్కుంటూ ఆయన దారిలోనే మారుతున్నాను. ఆయన పేరు హనుమంతప్ప. కంపెనీ కాదు, చదువుకుంటున్నానని చెబితే నమ్మలేదు గానీ పక్కన కూర్చున్నాడు. మూట విప్పి రాగి సంగటి ముద్దలో సగం విరిచి, మీద చెనిక్కాయల చట్నీ, అంటే వేరుశనగ పచ్చడి, వేసి ఇచ్చాడు. మా వైపు తెలియని వాళ్ళను ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి తర్వాత అన్నం పెడతారు. ఇక్కడ సంగటి పెట్టాక ఆరాలు మొదలయ్యాయి.

“ఈ కొండమీద ఇలా గుండు ఆకారంలో ఒక ఇల్లు కడితే బాగుంటుందా తాతా?” అని నా కాగితం చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. “గుండు మింద ఎవురుంటారమ్మా? ఎండకు కాలిపోతాది. గొర్రె గూడ ఎక్కదు. మేముండేది గుండు సందులో. ఆడ గాలి వస్తాది, నీడ ఉంటాది.”

నేను రెండు నెలలు గీసింది గుండునే. సందు సంగతి నాకు తోచనే లేదు. తలెత్తి ఆయన చూపించిన సందు వైపు చూస్తుండగా చర్రుమని చప్పుడైంది. ఒక గొర్రె నా మ్యూజియాన్ని నములుతోంది. లాక్కునేలోపు ప్రవేశద్వారం, టికెట్టు గది లోపలికి పోయాయి.

హనుమంతప్ప కంగారుగా దాని దవడ పట్టుకున్నాడు. “కాగితం తింటే దీనికేమన్నా అవుతాదా అమ్మా? మందు గిందు పూసినారా దానికి?” నా కాగితం మీద కూడా ఆయనకు అనుమానమే. ఏమీ కాదని మూడుసార్లు చెప్పాను. కొండ దిగేటప్పుడు వెనక్కి చూస్తే ఆయన ఇంకా ఆ గొర్రె మొహంలోకే చూస్తున్నాడు.

ధర్మవరం: నాలుగు తలుపులు

రెండు ప్రాజెక్టులు అలా పోయాయి. మిగిలింది ఒక ఇల్లు. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలోకి అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, ఇంటింటికీ ఒక్కో లెక్కలో. నేను ఒక వాకిట్లో ఆగి, “అమ్మా, మీ ఇల్లు కొలుచుకోవచ్చా?” అనగానే ఆ ఇంట్లో చప్పుడు ఆగిపోయేది. తర్వాత తలుపు మూసేవాళ్ళు. అలా మూడిళ్ళు. నాలుగో ఇంట్లో తలుపు సగం మూసి, ఆ సందులోంచి ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆవిడే నాగరత్నమ్మ. నేసేది ఆమె భర్త ఓబులేసప్ప.

“యాడ నుంచి వచ్చినావు? ఇంటిపేరేమి? మీ నాయన ఏం చేస్తాడు? ఒక్కదాన్నే ఏంటికి పంపిచ్చినారు?”

అన్నిటికీ జవాబు చెప్పాను. కాలేజీ గుర్తింపు కార్డు చూపించమంది. తీసుకుని, రెండు వైపులా చూసి, లోపలికెళ్ళి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. “పని అయినాక ఇస్తా.” నాకు చిర్రెత్తింది. కానీ ఆమె స్థానంలో నేనుంటే నేనూ అదే చేస్తాను.

లోపల ఓబులేసప్ప అప్పటికే మగ్గం మీద ఒక పాత పంచె కప్పుతున్నాడు. పైన దూలం నుంచి కింద పడుగు పోగుల దాకా తెరలా వేలాడేశాడు. ఎందుకో ఆమె చెప్పింది. కిందటేడు ఒకాయన వచ్చి, నేతన్నల కష్టాలు రాస్తానని ఫోటోలు తీసుకున్నాడట. అప్పుడు వీళ్ళు నేస్తున్న అంచే దసరాకల్లా మరమగ్గాల చీరల మీద వచ్చేసింది. డిజైను బయటపెట్టింది మీరేనని, పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు వీళ్ళకు చాలా నెలలు కొత్త పని ఇవ్వలేదు. ఇప్పుడు మగ్గం మీదున్నది ఆ తర్వాత ఇచ్చిన మొదటి కొత్త అంచు.

“ఇల్లంతా కొలుచుకో. గుడ్డ ముట్టుకోవద్దు. ఫోన్ తియ్యొద్దు. ఇది గూడ పోతే మా మగ్గానికి ఇంగ పని రాదు.”

అలాగేనమ్మా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ రోజంతా టేపు అవతలి కొస ఓబులేసప్ప పట్టుకున్నాడు. మాట్లాడని మనిషి, కొస మాత్రం వెంట్రుకవాసి కదిలేది కాదు. కాళ్ళు పెట్టుకునే గుంట లోతు, అతని ఎడమ భుజం మీదుగా వెలుతురు పడేలా కప్పులో పెట్టిన అద్దం, చేతి పసుపు పట్టుకు అంటకుండా దూరంగా పెరట్లో కట్టిన వంటిల్లు, అన్నీ గీశాను. అన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది కప్పు. ఇల్లంతా తల తగిలేంత ఎత్తులో ఉన్న కప్పు మగ్గం మీదకు వచ్చేసరికి గబుక్కున పైకి లేచింది. అక్కడ జకార్డు పెట్టె ఉంటుంది, చీరలో పువ్వులు లేపే చిల్లుల అట్టలు వేలాడేది దాన్నుంచే. దాని కోసం అంత మేరకే కప్పు ఎత్తి కట్టుకున్నారు. నా కాలనీలో అన్ని గదులూ తొమ్మిది అడుగుల ఎత్తే. కుచ్చిళ్ళ గోడలన్నీ కట్టినా ఒక్క మగ్గం లోపల పట్టదు.

ఆ ఎత్తు కావాలి. కానీ దూలం నుంచి గుడ్డ వేలాడుతోంది, టేపు సాగదు. మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ పెరట్లో నీళ్ళు పట్టుకుంటున్నారు. నేను గుడ్డ మూల పట్టుకుని పైకెత్తి, ఫోన్ తీసి, ఒక ఫోటో తీశాను. తర్వాత ఫోటోలో మగ్గం వెనక గోడ ఇటుకల వరసలు లెక్కపెట్టుకుంటే ఎత్తు తెలిసిపోతుందనుకున్నాను. మూడు సెకన్లు పట్టి ఉంటుంది. వాళ్ళు లోపలికి వచ్చేసరికి గుంట పక్కన కూర్చుని పెన్సిలు చెక్కుతున్నాను.

తర్వాత వీధివైపు గీయాలని, కాలేజీలో నేర్పిన అలవాటు ప్రకారం ప్రతి మీటరుకూ అరుగుల మీద, గోడల మీద సుద్దతో గీత పెట్టి అంకె వేస్తూ పోయాను. పక్క ఇళ్ళ ముందు కూడా వేశాను. పొద్దుగూకేలోపు పని అయిపోయింది. ఆ ఉత్సాహంలో కార్డు అడగడం మరిచిపోయి లాడ్జికి వెళ్ళిపోయాను.

మరుసటి ఉదయం

కార్డు కోసం వెళ్తే వీధిలో మగ్గాల చప్పుడు లేదు. జనం నా సుద్దగీతల ముందు నిలబడి ఉన్నారు. వేరే ఊళ్ళో ఎక్కడో రోడ్డు వెడల్పు చేసే ముందు ఇలాగే గోడల మీద అంకెలు వేశారట, నెలకు అరుగులు కొట్టేశారట. పక్కింటివాళ్ళు ఆ రోజు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించుకోవాలి. పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికే ఆడవాళ్ళను పిలిపించుకుని, ఇల్లు ఉంటుందో పోతుందో తెలీక వెనక్కి పంపేశారు.

“ఏడు అని వేసినావే మా గోడకు, ఏడు అడుగులు పోతాదా?” అని ఒకాయన నా మీదికి వచ్చాడు.

“కాదండీ, ఏడో మీటరు. నేను గీసుకోడానికి...”

“గీసుకునేదానికి మా గోడే దొరికెనా నీకు?”

బకెట్టు అడిగి తీసుకుని, పాత గుడ్డతో ఒక్కో అరుగూ ఒక్కో గోడా నేనే కడిగాను. అందరూ నిలబడి చూశారు. చివరి అంకె కడిగేసరికి నా చుడీదారు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. అప్పుడు నాగరత్నమ్మ బియ్యం డబ్బాలోంచి కార్డు తెచ్చి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, అందరి ముందూ అడిగింది.

“సుద్ద సంగతి సరే. ఫోన్లో ఏమన్నా తీసినావా?”

“లేదమ్మా.”

అంత తొందరగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఇంకా నమ్మించాలని, “కావాలంటే చూడండి” అని ఫోన్ ముందుకు చాపాను.

“వద్దులే. లేదని చెప్తివి గదా.” కార్డు ఇచ్చేసింది. దారిలో తినమని నాలుగు చెనిక్కాయ ముద్దలు కాగితంలో చుట్టి ఇచ్చింది. గీసిన బొమ్మ ఒక కాపీ పంపమని తన ఫోన్ నంబరు నా పుస్తకంలో రాయించింది. ఆమె ఇచ్చింది కాబట్టి అనుమానించకుండా తినాలని రైల్లో పట్టుబట్టి ఒకటి నోట్లో పెట్టుకున్నాను. సిగ్గేసింది, ఇంకేం కాలేదు.

గుంటూరు

సార్ ఆ బొమ్మను చాలాసేపు చూశారు. అద్దం దగ్గర, వంటిల్లు దగ్గర తలూపారు. కప్పు దగ్గరకు వచ్చి వేలు పెట్టారు.

“ఈ ఎత్తు కొలిచావా?”

“లెక్కేశాను సార్.”

“దేన్ని బట్టి?”

నేను షీటు మూల సరిచేస్తూ నిలబడ్డాను.

“మగ్గం ఉండాల్సిన చోట గుడ్డ కప్పిన పెట్టె గీశావు. ముఖ్యమైన ఎత్తు కొలవలేదు. నువ్వు ముందు మూడు ఊళ్ళు చూడకుండా గీసినదానివి. ఈ ఇంట్లో అడుగుపెట్టావని నేను ఎలా నమ్మాలి? ఫోటో ఉందా?”

ఫోన్ నా చేతిలోనే ఉంది. చూపిస్తే అక్కడికక్కడే సంతకం. ఆ గదిలో ఇంకో నలుగురు పిల్లలు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

“లేదు సార్. తియ్యొద్దన్నారు.”

“అయితే వెళ్ళి కొలుచుకురా,” అని షీటు తిరిగి ఇచ్చేశారు.

బయట మెట్లమీద కూర్చుని ఫోటో తెరిచాను. అప్పటిదాకా ఇటుకలే చూశాను, అంచును సరిగా చూడలేదు. పెద్దది చేసి చూశాను. ఆ అంచు మీద ఏముందో ఇక్కడ రాయను. ఫోటో తీసేశాను, తీసేసినవి దాచే చోట నుంచి కూడా తీసేశాను. ఆ తర్వాత నాగరత్నమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, నేను గుంటూరు అమ్మాయిని. మీకు అబద్ధం చెప్పాను. గుడ్డ పైకెత్తి ఒక ఫోటో తీశాను. ఎవరికీ చూపించలేదు. ఇప్పుడే తీసేశాను.”

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

“ఎవురికీ చూపియ్యలేదా?”

“లేదమ్మా.”

“ఆ పొద్దు గూడ లేదనే చెప్తివి.”

ఆ మాటకు ఏడుపొచ్చింది. సార్ సంతకం సంగతి, కప్పు ఎత్తు ఒక్కటే మిగిలిన సంగతి, మళ్ళీ రావాల్సిన సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసిందనుకున్నాను, కానీ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“చీర ఇంగా మగ్గం మిందనే ఉండాది. అది కోసి షావుకారు చేతికి ఇచ్చినాక నేనే ఫోన్ చేస్తా. అప్పుడు రా. ఫోన్ ఇంట్ల పెట్టి రా.”

జ్యూరీకి ఇంకా మూడు వారాలు ఉంది. చీర ఎన్నాళ్ళకు దిగుతుందని అడగడానికి నోరు రాలేదు. ఇది రాస్తున్నంతసేపూ ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా మోగలేదు.